ఆటల కంపెనీల డబ్బు, ఓపెన్ సోర్స్ డ్రైవర్లు: చర్చ ఎక్కడికి చేరింది?

ఏఎండీ వారి రేడియాన్ హెచ్‌డీ 7970 గ్రాఫిక్స్ కార్డు 2012 జనవరిలో మార్కెట్లోకి వచ్చింది. ఆ తరం కార్డులకు విండోస్ మీద ఎప్పటికప్పుడు కొత్త డ్రైవర్లు ఇవ్వడాన్ని కంపెనీ 2021 జూన్‌లో ఆపేసింది. తయారీదారు లెక్కలో వాటి ఆయుష్షు అక్కడితో తీరింది. లైనక్స్‌లో మాత్రం తీరలేదు. 2025 చివర్లో లైనక్స్ కెర్నల్‌లో చేరిన ఒక మార్పుతో ఆ కార్డులు పాత డ్రైవర్‌ను వదిలి, కొత్త కార్డులు వాడే డ్రైవర్ మీదికే వచ్చాయి. కొత్త ఆటలకు కావలసిన వల్కన్ అనే గ్రాఫిక్స్ సౌకర్యం వాటికి ఏ సెట్టింగూ మార్చకుండానే అందింది. ఈ పనికి పూనుకున్న తిముర్ క్రిష్టోఫ్ ఏఎండీ ఉద్యోగి కాదు. స్టీమ్ అనే ఆటల దుకాణం నడిపే వాల్వ్ కంపెనీ తరఫున పనిచేసే ఇంజనీరు.

ఆటలు అమ్ముకునే కంపెనీ తాను తయారు చేయని, ఎప్పుడో పాతబడిన కార్డు కోసం ఇంజనీరును ఎందుకు పెట్టుకుంది? అలా వచ్చిన మేలును నమ్ముకోవచ్చా? పదేళ్లకు పైగా సాగుతున్న ఈ చర్చలో ఇప్పుడు వ్యాపారం, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఆదర్శం, మోసగాళ్ల బెడద, టీవీ కేబుళ్ల నిబంధనలు అన్నీ కలగాపులగమయ్యాయి. ఒకసారి చిక్కు విప్పి చూడాల్సిన సమయం వచ్చింది.

మెదక్ లాంటి పట్టణంలో ఈ ప్రశ్నకు బరువెక్కువ. ఇక్కడ గేమింగ్ కంప్యూటర్ అంటే చాలా ఇళ్లలో సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీలో విడిభాగాలు కొని బిగించుకున్నది, లేదంటే హైదరాబాద్ ఆఫీసులు తీసేసిన పెట్టెకు సెకండ్ హ్యాండ్ కార్డు తగిలించినది. కొత్త కార్డు కొనగలిగినవారికి డ్రైవర్ గొడవ అంతగా పట్టకపోవచ్చు. పాత కార్డుతో నెట్టుకొచ్చేవారికి మాత్రం ఆ కార్డు ఇంకెన్నేళ్లు పనికొస్తుందో తేల్చేది డ్రైవరే.

ఏ పొర గురించి మాట్లాడుతున్నాం?

డ్రైవర్ అంటే ఆటకూ కార్డుకూ మధ్య దుబాసీ. ఆ పనిలో మూడు పొరలున్నాయి. మొదటిది ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌లో ఉండి కార్డు మెమరీని, విద్యుత్తును, తెరను చూసుకుంటుంది. రెండోది కెర్నల్ బయట ఉంటుంది. ఆట ఇచ్చిన ఆదేశాలను కార్డుకు తెలిసిన భాషలోకి మార్చేది, షేడర్లు అనే చిన్న చిన్న ప్రోగ్రాములను అప్పటికప్పుడు కంపైల్ చేసేది ఇదే. లైనక్స్‌లో ఈ పొరకు ప్రధాన ఆధారం మెసా. మూడోది కార్డు లోపలి చిప్పుల మీద నడిచే ఫర్మ్‌వేర్.

చర్చ ఇంతగా ముదరడానికి సగం కారణం, ఎవరు ఏ పొర గురించి మాట్లాడుతున్నారో చెప్పకుండానే అందరూ 'ఓపెన్' అనే మాట వాడడం. ఏఎండీ, ఇంటెల్ కార్డులకు మొదటి రెండు పొరలూ ఓపెన్ సోర్స్, మూడోది మూసే ఉంది. ఎన్విడియా 2022 మేలో కెర్నల్ పొర సోర్స్ బయట పెట్టింది. ఆటల వేగం తేలే రెండో పొరను మాత్రం తన దగ్గరే ఉంచుకుంది, ఫర్మ్‌వేర్‌నూ అంతే. కాబట్టి 'ఎన్విడియా కూడా ఓపెన్ అయిపోయింది' అన్న మాటలో నిజం మూడో వంతే.

1993 నుంచి 2012 దాకా

బ్రయాన్ పాల్ 1993లో మెసాను మొదలుపెట్టి 1995లో విడుదల చేశారు. అప్పట్లో అది కార్డు సాయం లేకుండా ప్రాసెసర్ మీదే త్రీడీ బొమ్మలు గీసే లైబ్రరీ. కార్డుల డ్రైవర్లకు అది ఇల్లుగా మారింది తర్వాతే.

ఆటలు తయారు చేసేవారు ఇందులో చేయి పెట్టడం వాల్వ్‌తో మొదలు కాలేదు. 1999 ప్రాంతంలో మేట్రాక్స్ కార్డులకు ఓపెన్ సోర్స్ డ్రైవర్ రాసే యూటా జీఎల్ఎక్స్ ప్రాజెక్టులో 'డూమ్', 'క్వేక్' సృష్టికర్తల్లో ఒకరైన జాన్ కార్మాక్ స్వయంగా కోడ్ రాశారు. ఆయన సంస్థ ఐడీ సాఫ్ట్‌వేర్ పాత ఆటల ఇంజన్ల సోర్స్‌ను ఒక్కొక్కటిగా విడుదల చేసింది: 1997లో డూమ్, 1999లో క్వేక్, 2005లో క్వేక్ 3. వాటిని డ్రైవర్ రచయితలు ఏళ్ల తరబడి పరీక్షలకు వాడుకున్నారు. అదే కాలంలో లోకీ సాఫ్ట్‌వేర్ ఇతరుల ఆటలను లైనక్స్‌కు తెచ్చి అమ్మింది. కొనేవాళ్లు చాలక 2002 జనవరిలో మూతపడింది. అక్కడ పనిచేసిన శామ్ లాంటింగా రాసిన ఎస్‌డీఎల్ లైబ్రరీ మాత్రం నేటికీ అనేక ఆటలకు ఆధారం. ఆయన 2012లో వాల్వ్‌లో చేరారు. దివాలా తీసిన కంపెనీ నుంచి కూడా ఉమ్మడి కోడ్ మిగులుతుందని ఈ చర్చలో తరచూ మరచిపోతున్నాం.

ఆ తర్వాత పదేళ్లు ఆటల కంపెనీలు ఇటు చూడలేదు. భారమంతా చిప్ కంపెనీల మీద, రెడ్‌హ్యాట్, సూసే లాంటి లైనక్స్ సంస్థల మీద పడింది. ఏటీఐని 2006లో కొన్న ఏఎండీ, 2007 సెప్టెంబరులో తన కార్డుల సాంకేతిక పత్రాలు విడుదల చేస్తామని, ఓపెన్ సోర్స్ డ్రైవర్‌కు సాయపడతామని ప్రకటించింది. ఎన్విడియా కార్డులకు మాత్రం పత్రాలేవీ లేకుండా, కార్డు ప్రవర్తనను గమనిస్తూ ఔత్సాహికులే నూవో డ్రైవర్ రాసుకున్నారు. 2012 జూన్‌లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కెమెరా ముందే ఎన్విడియా మీద మండిపడింది ఈ నేపథ్యంలోనే.

వాల్వ్ ఎందుకు వచ్చింది, ఏం చేసింది?

2012 జూలైలో వాల్వ్ అధిపతి గేబ్ న్యూయెల్ విండోస్ 8ను ఉపద్రవంగా వర్ణించారు. మైక్రోసాఫ్ట్ తన సొంత దుకాణాన్ని విండోస్‌లోనే పెట్టింది. ఐఫోన్‌లా విండోస్ కూడా మూసిన వేదిక అయితే స్టీమ్‌కు నిలవనీడ ఉండదని వాల్వ్ భయం. లైనక్స్ వాల్వ్‌కు తప్పించుకునే దారి. ఆ సంగతి వారెప్పుడూ దాచలేదు.

మరుసటి నెల వాల్వ్ ఒక లెక్క ప్రకటించింది. లెఫ్ట్ 4 డెడ్ 2 ఆట విండోస్ మీద సెకనుకు 270.6 ఫ్రేములు ఇస్తే లైనక్స్ మీద 315 ఇచ్చిందని. ఓపెన్ సోర్స్ గెలుపుగా ఈ అంకెను ఇప్పటికీ ఉదహరిస్తుంటారు. అది సరికాదు. ఆ పరీక్షలో వాడింది ఎన్విడియా జీటీఎక్స్ 680 కార్డు, దానికి ఎన్విడియా వారి మూసిన డ్రైవర్. అప్పటి ఓపెన్ సోర్స్ డ్రైవర్లు ఆ స్థాయికి చాలా దూరంలో ఉన్నాయి. అందుకే వాల్వ్ ఇంజనీర్లు ఆ వేసవిలో ఇంటెల్ డ్రైవర్ బృందాన్ని పిలిపించుకుని పక్కపక్కనే కూర్చుని పనిచేశారు. డ్రైవర్ సోర్స్ కళ్ల ముందు ఉంటే ఆట ఎక్కడ నెమ్మదిస్తోందో ఎవరి అనుమతీ లేకుండా కనిపెట్టవచ్చని వాల్వ్‌కు అనుభవంలో తెలిసింది అక్కడే.

లైనక్స్‌కు స్టీమ్ 2013 ఫిబ్రవరిలో వచ్చింది. 2015 నవంబరులో వచ్చిన స్టీమ్ మెషీన్లు, అంటే లైనక్స్ మీద నడిచే గేమింగ్ కంప్యూటర్లు, విఫలమయ్యాయి. విండోస్ ఆటలను లైనక్స్‌కు మార్చడానికి స్టూడియోలు ముందుకు రాలేదు, ఆటలు లేని యంత్రాన్ని జనం కొనలేదు. ఆ దెబ్బ తర్వాత వాల్వ్ పంథా మార్చింది. విండోస్ ఆటను ఉన్నదున్నట్టు లైనక్స్ మీద నడిపే ప్రోటాన్‌ను 2018 ఆగస్టులో విడుదల చేసింది. విండోస్ ప్రోగ్రాములను లైనక్స్ మీద నడిపే వైన్, డైరెక్ట్ఎక్స్ ఆదేశాలను వల్కన్‌లోకి మార్చే డీఎక్స్‌వీకే దీనికి మూలస్తంభాలు. ఇదంతా నిలబడాలంటే కింద వల్కన్ డ్రైవర్ గట్టిగా ఉండాలి. అలా డ్రైవర్ ఆటల కంపెనీ సొంత అవసరమైంది.

ఏఎండీ కార్డులకు రాడ్‌వీ అనే వల్కన్ డ్రైవర్‌ను 2016లో మొదలుపెట్టింది రెడ్‌హ్యాట్‌కు చెందిన డేవ్ ఎయిర్లీ, ఆయనతో పాటు బాస్ న్యూవెన్‌హౌజెన్. ఏఎండీ తన సొంత వల్కన్ డ్రైవర్ సోర్స్ ఇస్తామని చెప్పి ఆలస్యం చేస్తుంటే వీరు రాసేశారు. ఏఎండీ సోర్స్ 2017 డిసెంబరులో వచ్చేసరికి రాడ్‌వీ వేళ్లూనుకుంది. దాని మీద పనిచేసేందుకు వాల్వ్ ఇంజనీర్లను పెట్టుకుంది. ఆట మధ్యలో షేడర్లు కంపైల్ అవుతుంటే తెర ఆగి ఆగి కదులుతుంది. ఈ జబ్బు నయం చేయడానికి ఏసీఓ అనే కొత్త కంపైలర్‌ను 2019లో తెచ్చింది. అది అదే ఏడాది మెసాలో కలిసి, మరుసటి ఏడు రాడ్‌వీకి డిఫాల్ట్ అయింది. ఒకే కార్డుకు రెండు ఓపెన్ సోర్స్ డ్రైవర్లు ఏళ్ల తరబడి పక్కపక్కన నడిచాయి. చివరికి 2025లో ఏఎండీ తన డ్రైవర్‌ను ఆపేసి రాడ్‌వీనే బలపరుస్తామని ప్రకటించింది. చిప్ తయారీ సంస్థ తన కార్డుకు బయటివాళ్లు రాసిన డ్రైవరే మేలని ఒప్పుకున్న ఘట్టమిది. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో ఇంతకంటే పెద్ద ఫలితం లేదు.

2022 ఫిబ్రవరిలో వచ్చిన వాల్వ్ చేతి గేమింగ్ యంత్రం స్టీమ్ డెక్ ఈ దారికి వ్యాపార రూపమిచ్చింది. ఆ ఏడాది చివర్లో వాల్వ్ ఇంజనీరు పియెర్ లూప్ గ్రిఫే, మెసా, ప్రోటాన్, వల్కన్ వంటి వాటిపై పనిచేసే వందమందికి పైగా ఓపెన్ సోర్స్ డెవలపర్లకు తమ సంస్థ డబ్బిస్తోందని చెప్పారు. వీరిలో చాలామంది కొలాబొరా, ఇగాలియా, కోడ్‌వీవర్స్ లాంటి సంస్థల ద్వారానో, విడిగా ఒప్పందం మీదనో పనిచేస్తారు. స్టీమ్ డెక్‌ను అప్పుడు మన దేశంలో అమ్మకానికి పెట్టలేదు. అయినా దాని కోసం రాసిన డ్రైవర్ మెసాలో చేరింది కనుక, మెదక్‌లో పాత రేడియాన్ కార్డు మీద ఉబుంటు నడిపేవారికీ అది అందింది.

నాలుగు వాదాలు

మొదటి వాదం వారు స్వార్థమే హామీ అంటారు. దానధర్మం ఏ బడ్జెట్ కోతలోనైనా ఆగిపోతుంది, వ్యాపార అవసరం ఆగదు. వాల్వ్ సొంత యంత్రం ఈ డ్రైవర్ల మీద నడుస్తున్నంతకాలం పని సాగుతుంది. మెసాకు ఎంఐటీ లైసెన్సు ఉంది కనుక కంపెనీ తప్పుకున్నా రాసిన కోడ్ వెనక్కి పోదు. ఈ వాదానికి పదమూడేళ్ల ఆచరణ సాక్ష్యంగా ఉంది.

రెండో వాదం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వారిది. మూసిన దుకాణం నుంచి మూసిన ఆట కొని, మూసిన ఫర్మ్‌వేర్ మీద ఆడుతూ మధ్యలో డ్రైవర్ ఒక్కటే తెరిచి ఉంటే ఒరిగేదేమిటని వీరు అడుగుతారు. ఫర్మ్‌వేర్ విషయంలో వీరి ఆందోళన ఉత్త సిద్ధాంతం కాదు. ఎన్విడియా 2014లో జీటీఎక్స్ 900 తరంతో తన సంతకం లేని ఫర్మ్‌వేర్‌ను కార్డు అంగీకరించకుండా చేసింది. ఫలితంగా ఆ తరంలోనూ, తర్వాతి పాస్కల్ తరంలోనూ నూవో డ్రైవర్ కార్డు క్లాక్ వేగాన్ని పెంచలేదు. మన సెకండ్ హ్యాండ్ మార్కెట్లో తరచూ కనిపించే జీటీఎక్స్ 1050 టీఐ ఆ తరానిదే. ఈ కార్డులకు కొత్త ఆటల డ్రైవర్లు ఇవ్వడాన్ని ఎన్విడియా 2025 అక్టోబరుతో ముగించింది. 2012 నాటి రేడియాన్‌కు దక్కిన పునర్జీవనం 2016 నాటి ఈ కార్డుకు దక్కే దారి కనబడదు. తాళం మూడో పొరలో ఉంది కాబట్టి.

మూడో వాదం ప్రోటాన్ మీద అభ్యంతరం. అనువాదంతో నడిచిపోతుంటే స్టూడియోలు లైనక్స్ కోసం విడిగా ఆట ఎందుకు తయారు చేస్తాయి? బ్రిటన్‌కు చెందిన ఫెరల్ ఇంటరాక్టివ్ ఒకప్పుడు పెద్ద ఆటలను లైనక్స్‌కు తెచ్చేది, రాడ్‌వీకి స్వయంగా కోడ్ ఇచ్చింది. ప్రోటాన్ వచ్చాక అలాంటి పనికి గిరాకీ తగ్గింది. ఆటల కంపెనీలు డ్రైవర్‌లో పాలుపంచుకునే దారుల్లో ఒకటి సన్నబడి, బాధ్యత వాల్వ్ ఒక్కదాని మీదికి చేరింది. 2015 వైఫల్యం చూశాక ప్రోటాన్ తప్పనిసరి అయిందనే నేననుకుంటాను. అయినా ఈ నష్టాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం.

నాలుగోది డ్రైవర్ మూసి ఉండడమే మంచిదనే వాదం. ఇతరుల నుంచి లైసెన్సుకు తెచ్చుకున్న కోడ్ అందులో ఉంటుంది, ఒక్కో ఆటకు చేసే ప్రత్యేక సర్దుబాట్లు పోటీదారుకు తెలిసిపోతాయి, ఆట విడుదలైన రోజే డ్రైవర్ సిద్ధం కావాలంటే స్టూడియోతో రహస్య ఒప్పందాలు కావాలి. చివరి అంశంలో పస ఉంది. సర్దుబాట్ల విషయంలో మాత్రం మెసా జవాబిచ్చేసింది. ఏ ఆటకు ఏ సర్దుబాటు చేశారో ఆటల పేర్లతో సహా ఒక ఫైలులో రాసి ఉంటుంది, ఎవరైనా చదవవచ్చు. దానివల్ల ఏఎండీకి గానీ ఇంటెల్‌కు గానీ వ్యాపారం దెబ్బతిన్న దాఖలా లేదు. ఎన్విడియా కూడా 2024లో కొత్త కార్డులకు తన ఓపెన్ కెర్నల్ పొరనే ముందుకు తెచ్చింది. రెండో పొరకు కొలాబొరాలో ఫెయిత్ ఎక్‌స్ట్రాండ్ ఆధ్వర్యంలో 2022లో మొదలైన ఎన్‌వీకే డ్రైవర్ ఇప్పుడు మెసాలో భాగం. వేగంలో అది ఇంకా ఎన్విడియా డ్రైవర్‌ను అందుకోవాలి.

మిగతా ఆటల కంపెనీలు ఎక్కడున్నాయి?

దాదాపు అన్నీ గట్టు మీదే. ఎపిక్ గేమ్స్ తన మోస నిరోధక ప్రోగ్రాము ఈజీ యాంటీ చీట్‌ను 2021 సెప్టెంబరులో ప్రోటాన్‌కు అనువుగా చేసింది. కానీ సొంత ఆట ఫోర్ట్‌నైట్‌కు ఆ సౌకర్యం ఇవ్వలేదు. 2024లో రాక్‌స్టార్ జీటీఏ ఆన్‌లైన్‌కు, ఈఏ ఎపెక్స్ లెజెండ్స్‌కు లైనక్స్ దారి మూసేశాయి. మోసపు ప్రోగ్రాములకు లైనక్స్ ఆశ్రయమవుతోందని ఈఏ కారణం చెప్పింది. మన గేమింగ్ కేఫ్‌లలో ఆదరణ ఉన్న వాలొరాంట్ లైనక్స్ మీద నడవనే నడవదు. దాని కాపలా ప్రోగ్రాము విండోస్ కెర్నల్ లోపల కూర్చుంటుంది. వాడకందారు ఇష్టం వచ్చినట్టు మార్చుకోగల కెర్నల్‌ను ఎలా నమ్మాలన్న వారి ప్రశ్న న్యాయమైనదే. ఇక్కడ డ్రైవర్ ఎంత మెరుగైనా లాభం లేదు.

మైక్రోసాఫ్ట్ స్థానం వింతైనది. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల నాయకత్వంలో అది 2023 అక్టోబరులో యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను సొంతం చేసుకుని అతిపెద్ద ఆటల కంపెనీల్లో ఒకటైంది. విండోస్ లోపల లైనక్స్ ప్రోగ్రాములు నడిపేందుకు 2020 నుంచి మెసాకు కోడ్ కూడా ఇస్తోంది. లైనక్స్ మీద తన ఆటలు బాగా నడవాలన్న పట్టుదల మాత్రం అందులో కనిపించదు. ఆటల కంపెనీల మద్దతు అని బహువచనంలో అంటున్నా, డ్రైవర్ల వరకు ఆచరణలో అది ఏకవచనమే.

మన దగ్గర పరిస్థితి

ఏఎండీ, ఎన్విడియా, ఇంటెల్, క్వాల్‌కామ్ నాలుగింటికీ హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ కేంద్రాలున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2016లోనే యానిమేషన్, గేమింగ్ రంగాలకు ఇమేజ్ విధానం తెచ్చింది. 2005లో మొదలైన స్వేచ్ఛ ఉద్యమం తెలుగులో లైనక్స్ తెచ్చి, ఇంజనీరింగ్ విద్యార్థుల మధ్య ఏళ్లుగా పనిచేస్తోంది. చిప్పులు తెలిసినవారు, ఆటలు చేసేవారు, ఓపెన్ సోర్స్ కార్యకర్తలు ముగ్గురూ ఒకే నగరంలో ఉన్నారు. అయినా మూడు గుంపులూ కలిసే చోటు లేదు. ఇక్కడి స్టూడియోల పని ఎక్కువగా మొబైల్ ఆటలు, విదేశీ కంపెనీలకు చేసే బొమ్మల పని. డెస్క్‌టాప్ డ్రైవర్‌తో వారికి నిత్యం అవసరం పడదు. కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రకటించిన ఓపెన్ సోర్స్ విధానం ప్రభుత్వ కార్యాలయాల సాఫ్ట్‌వేర్ గురించే తప్ప ఇలాంటి మౌలిక కోడ్‌ను పోషించడం గురించి కాదు.

తేలని సంగతులు

ఒకే కంపెనీ మీద ఆధారపడడం అన్నింటికంటే పెద్దది. వాల్వ్ షేర్ మార్కెట్లో లేని ప్రైవేటు సంస్థ. రేపు యాజమాన్యం ఆలోచన మారితే కోడ్ మిగులుతుంది, దాన్ని రోజూ చూసుకునే చేతులు మిగులుతాయా? ఇంత క్లిష్టమైన కోడ్‌ను జీతం లేకుండా మోయడం సామాన్యం కాదు. రెండోది బయటి సంస్థల అడ్డు. ఏఎండీ ఓపెన్ సోర్స్ డ్రైవర్‌లో టీవీ కేబుళ్ల ప్రమాణమైన హెచ్‌డీఎంఐ 2.1ను చేర్చే ప్రతిపాదనను హెచ్‌డీఎంఐ ఫోరమ్ తిరస్కరించినట్టు 2024 ఫిబ్రవరిలో బయటపడింది. సోర్స్ బయటికొస్తే ప్రమాణం రహస్యం పోతుందని దాని భయం. ఇక వాడకందారుల సంఖ్య: స్టీమ్ సర్వేలో లైనక్స్ వాటా 2025 అక్టోబరులో తొలిసారి 3 శాతం దాటింది. విండోస్ 10కు మద్దతు ముగిసిన నెల అది. ఎదుగుదల నిజమే, కానీ ఈఏ లాంటి కంపెనీల మనసు మార్చేంత సంఖ్య కాదు.

ఇన్ని వాదాల మధ్య కంపెనీ మద్దతును కొలవడానికి నాకు పనికొచ్చిన ప్రశ్న ఒకటే: డబ్బుతో రాయించిన కోడ్ చివరికి ఎక్కడ చేరింది? ఉమ్మడి చెట్టులో, అంటే కెర్నల్‌లోనో మెసాలోనో చేరితే అది అందరిదీ. కంపెనీ దగ్గరే విడిగా ఉండిపోతే సోర్స్ చూపించినా ప్రయోజనం కొంతే. ఈ కొలతలో వాల్వ్ పని నిలుస్తుంది. ఎన్విడియా పని ఇంకా నిలవలేదు.

సెకండ్ హ్యాండ్ కార్డు కొనబోయేవారు ధర, మెమరీతో పాటు దానికి మెసాలో డ్రైవర్ ఎలా ఉందో కూడా కనుక్కోండి. ఉమ్మడి మెదక్ జిల్లాలోనే కందిలో ఐఐటీ, సుల్తాన్‌పూర్‌లో జేఎన్‌టీయూ కళాశాల ఉన్నాయి. చుట్టూ ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలూ ఉన్నాయి. నేడు రాడ్‌వీని మోస్తున్నవారిలో ముఖ్యుడైన సామ్యూల్ పిటోయిసే విద్యార్థిగా గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ ద్వారా నూవో మీద పని నేర్చుకున్నవారే. ఆ దారి మన విద్యార్థులకూ తెరిచే ఉంది. అధ్యాపకులు ఈ ఏడాది ఒక్క ల్యాబ్‌లోనైనా మెసాను సోర్స్ నుంచి కంపైల్ చేయించి, ఒక్క లోపాన్నైనా విద్యార్థుల చేత సరిచేయించి పంపించాలి.